నడిమి పుటలు లేని పత్రికలు

మేము మద్రాసులో ముప్ఫయి యేళ్ళకు పైగా అచ్చాఫీసు వుద్యోగం చేశాము. మొదట ప్రూఫులు దిద్దాము, తరువాత పేజీలు కట్టించాము, చివరకు ఫోర్‌మన్‌గా వుండి విరమించుకొన్నాము. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకొనే యింట్లో పుట్టి, ఆ కాగితాన్నే నమ్ముకొని బ్రతికాము గనుక, పత్రిక అనేది చదివి, దాచి, యేడాది తిరిగేసరికి కాలికో బైండు చేయించవలసిన వస్తువని మా నమ్మకం. పత్రిక మీద కత్తెర పెట్టే మనిషిని చూస్తే మాకు ఒళ్ళు మండేది.

ఆ మంటలో ఒకసారి మా యింట్లోనే పెద్ద తప్పు చేశాము. అది తప్పని తెలియడానికి మాకు ముప్ఫయి యేళ్ళు పట్టింది. తెలియజెప్పినవి స్కాట్లండు దేశంలో ఆడపిల్లల కోసం అచ్చయిన పాత పత్రికలు. ఆ పత్రికలకూ మన సంఘం పత్రికకూ యేమిటి సంబంధమని చదువరులు అడగవచ్చు. బాదరాయణ సంబంధం కాదు, దగ్గరి సంబంధమే. చివరిదాకా వస్తే మీకే తెలుస్తుంది.

1983 లో మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఆదివారం నాడు మాతో మూర్ మార్కెట్టుకు వచ్చేది. (1985 లో కాలిపోయిన ఆ మార్కెట్టును, అక్కడి పాత పుస్తకాల వాసననూ మా యీడు మద్రాసు తెలుగువారు మరిచిపోయి వుండరు.) మేము నిఘంటువుల కోసం, శతకాల కోసం గుట్టలు తిరగవేస్తూ వుంటే, అది విదేశీ పత్రికల గుట్ట దగ్గర చతికిలబడేది. అక్కడ దానికి దొరికినవి 'జాకీ' అనే ఆంగ్ల వారపత్రిక సంచికలు. పదేళ్ళ నాటివి, మూలలు మడిగినవి. పాటగాళ్ళ బొమ్మలు, ప్రేమకథలు, జుట్టు దువ్వుకొనే విధానాలు, వుత్తరాలకు సలహాలు, యివీ అందులోని సరుకు.

ఆ పత్రికవారు పాటగాడి నిలువు బొమ్మను మూడు ముక్కలు చేసి, మూడు వారాలు ముక్క చొప్పున వేసేవారు. మా అమ్మాయికి డేవిడ్ కాసిడీ అనే అమెరికా పాటగాడి తల దొరికింది, నడుము దాకా మొండెం దొరికింది. కాళ్ళున్న సంచిక మాత్రం దొరకలేదు. దొరికినంత వరకు మైదా జిగురుతో గోడకు అంటించింది. మా ఆవిడ యిల్లు వూడుస్తూ, "రాహువు మన యింట్లో నడుము దాకా వచ్చి ఆగాడే!" అని నవ్వేది. కాళ్ళ కోసం ప్రతి ఆదివారమూ అన్వేషణ సాగేది.

ఒకనాటి సాయంత్రం ఆఫీసులో యేదో చికాకు పడి యింటికి వచ్చాము. అమ్మాయి నేల మీద కూర్చుని, చుట్టూ ఆ పత్రికలు పరచుకొని, కత్తెరతో కోస్తున్నది. తలలు ఒక పక్క, అక్షరాలు ఒక పక్క, పేజీల తుంపులు ఒక పక్క. మాకు కోపం ఆగలేదు. "పత్రికలను కోసేది కసాయివాళ్ళే" అన్నాము. గోడ మీది రెండు ముక్కలూ లాగి చించేశాము. నేల మీది కాగితాలన్నీ మూట కట్టి మర్నాడు పొద్దున్నే పాత కాగితాల వాడికి తూకానికి వేశాము.

అది ఏడవలేదు. ఒక్క మాట మాత్రం అన్నది: "అవి దాచుకొనే పత్రికలు కావు నాన్నగారూ, కోసుకొనే పత్రికలు." ఎదురు చెబుతున్నదనుకొన్నాము గాని, చెప్పినదేమిటో వినలేదు.

నిజానికి మాకు ఆ కోపం తెచ్చుకొనే అర్హత వున్నదా అంటే అదీ లేదు. 1950 ల్లో మేము సినిమా పాటల పుస్తకాలు పోగుచేసినవాళ్ళమే. హాలు బయట చవకగా అమ్మేవారు. పైన తారల బొమ్మ, లోపల సగం కథ, మిగిలిన కథ వెండితెర మీద చూసుకొమ్మని ఒక హెచ్చరిక, ఆ వెనుక పాటలు. 'మిస్సమ్మ' ది, 'మాయాబజార్' ది మా ట్రంకుపెట్టెలో అడుగున వుండేవి. మా అమ్మ వాటిని చూసి తిట్టలేదు. విడిపోతున్నవని సూదీ దారమూ తీసుకొని కుట్టి యిచ్చింది. ఆ కుట్టు మాకు గుర్తున్నదే గాని, దాని అర్థం మా అమ్మాయి విషయంలో గుర్తుకు రాలేదు.

అమ్మాయి వైద్యం చదివింది, పెళ్ళయింది, డండీ నగరంలో స్థిరపడింది. స్కాట్లండు తూర్పు తీరాన, టే నది సముద్రంలో కలిసేచోట వున్న వూరు అది. జనపనార, పండ్ల జాము, పత్రికలు, ఈ మూడింటి మీద ఆ వూరు బ్రతికిందని అక్కడివారు చెప్పుకొంటారు. జనపనార మన వంగదేశం నుంచి పోయినదే. పత్రికలు డి.సి. థామ్సన్ అనే సంస్థ వారివి. 2013 వేసవిలో మేము, మా ఆవిడ అక్కడికి వెళ్ళినప్పుడు, బజారు మధ్య ఒక బొమ్మల కథ వీరుడికి కంచు విగ్రహం కనిపించింది. 'డాండీ' అనే పిల్లల పత్రికలోని వీరుడట. 1937 లో పుట్టిన ఆ పత్రిక అచ్చు, అంతకు ముందు డిసెంబరులోనే ఆగిపోయింది. పత్రికలోని బొమ్మకు విగ్రహం కట్టిన వూరంటే అచ్చాఫీసు మనిషికి పుణ్యక్షేత్రమే గదా! ఎఱ్ఱరాతితో కట్టిన వారి కార్యాలయం ముందు కాసేపు నిలబడ్డాము. అప్పుడు మా అమ్మాయి మెల్లగా, "జాకీ ఇక్కడిదే నాన్నగారూ" అన్నది.

మేము మాట్లాడలేదు. అదీ మరి మాట్లాడలేదు.

వాళ్ళ పక్కింటి ఆమెకు అప్పటికి యాభయి దాటినవి. మేము అచ్చుపని వాళ్ళమని విని, అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దింపి తెచ్చి, చూసి యిమ్మన్నది. పెట్టెలో 1972 నుంచి 1975 వరకు వచ్చిన జాకీ సంచికలు పదకొండు. వృత్తి అలవాటు కొద్దీ ముందుగా పుటలు లెక్కపెట్టాము. పదకొండింటికీ నడిమి పుటలు లేవు. ఒక్కదానికి కూడా లేవు. పిన్నులు మాత్రం ఎక్కడివక్కడ వున్నవి, గోటితో ఎత్తి, కాగితం తీసి, మళ్ళీ వంచిన పిన్నులు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద ఆ పదకొండింటినీ పరచుకొని కూర్చున్నాము. పేజీలను చూడడం కన్నా, పేజీలలోని కంతలను చూడడం మొదలుపెట్టాము. కంతల ద్వారా ఆ పత్రిక కట్టుబడి మాకు అర్థమయింది.

మొదటి సంగతి: నడిమి పుటలు పోయినా యే కథా తెగలేదు. బొమ్మల కథ ముందే ముగిసింది, సలహాల పేజీ తరువాత మొదలయింది. పేజీ అంకెలు దాటిపోయినవి గాని, చదువు దాటిపోలేదు. ఇది అదాటుగా జరిగేది కాదు. పేజీలు కట్టినవాడు యీ కాగితం వూడిపోతుందని ముందే తెలిసి కట్టాడు. నడిమి కాగితం ఒక్కటే మడత మీద రెండు పేజీలూ అతుకు లేకుండా వచ్చే కాగితం. అందుకే పెద్ద బొమ్మకు అక్కడ చోటు. మేమైతే ఆ చోటులో ప్రకటనలు వేసేవాళ్ళము.

రెండవది: అట్ట మీద చాలా సార్లు పాటగాడు లేడు. ఒక మామూలు అమ్మాయి వున్నది, నవ్వుతూ, సూటిగా చూస్తూ. చదివే పిల్ల తన స్నేహితురాలిని చూసినట్టుగా అట్టను చూడాలి, లోపలికి పోయిన తరువాత పాటగాడిని చూడాలి. పాటగాడి చూపు కూడా సూటి చూపే. పక్కకు చూసే బొమ్మలు చిన్నవిగా వేసి, కళ్ళలోకి చూసే బొమ్మను గోడకు వదిలారు.

మూడవది: కంతలలో చతురస్రాలు కొన్ని. చిన్న చిన్న పెట్టెలుగా గీతలు కట్టి, అందులో పాటగాడి పుట్టినరోజు, ఎత్తు, కళ్ళ రంగు, యిష్టమైన తిండి వేసేవారు. గీత ఎందుకంటే కత్తెరకు దారి కోసం. పక్కింటి ఆమె ఆ గీతల వెంటనే కోసింది, ఒక్క చోట కూడా తప్పలేదు.

నాలుగవది మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకొన్నది. 'కాథీ అండ్ క్లెయిర్' అని వుత్తరాలకు జవాబులిచ్చే పేజీ. కాథీ లేదు, క్లెయిర్ లేదు, కార్యాలయంలో వున్నవారే ఆ పేర్లతో వ్రాసేవారు. ఆ పత్రికలో రంగుల ఆర్భాటం లేనిది ఆ పేజీ. సన్నని అక్షరాలు, బారు బారు పేరాలు. పదకొండు సంచికల్లోనూ ఆ పేజీ మీద కత్తెర పడలేదు. కాని అన్నిటి కన్నా నలిగినది, బొటనవేలి ముద్రలు పడినది ఆ పేజీయే. ఆడపిల్లలకు బొమ్మలు చాలు, చదువక్కరలేదనుకొనేవారు ఆ పేజీ మూలలు చూడాలి.

తరువాత మాకు యిది ఒక వ్యసనమయింది. మనుమరాలి చేత కంప్యూటరులో వెదికించి తక్కిన దేశాల పత్రికలు కూడా చూశాము. అమెరికాలో '16' అనే పత్రికకు గ్లోరియా స్టావర్స్ అనే ఆమె 1958 నుంచి 1975 దాకా సంపాదకురాలు. కళ్ళ రంగు, యిష్టమైన తిండి అడిగే చిన్న ప్రశ్నలకు పేరు పడ్డ పత్రిక అది. 1965 లో 'టైగర్ బీట్' పుట్టింది. దాన్ని పెట్టిన చార్లెస్ లాఫర్ అంతకు ముందు బడిపంతులు. ఈ రెండింటి అట్టలూ చూస్తే సంతలో బొమ్మల కొలువులా వుంటవి. పాటగాళ్ళ తలలు మెడ దగ్గర కోసి, పసుపు పచ్చ, గులాబి రంగుల మీద చల్లినట్టుంటవి. ప్రతి మాట వెనుకా ఆశ్చర్యార్థకమే.

ఇది చూసి మా మనుమరాలు, "ఏమిటి తాతయ్యా, యింత గజిబిజి!" అన్నది. గజిబిజి కాదు, లెక్క వున్నది. తెచ్చిన ఫొటోలు ఒకటి నలుపు, ఒకటి రంగు, ఒకటి వీధిలోది, ఒకటి స్టేజీ మీదిది. వెనుకటి దృశ్యం వుంచితే ఒకదానితో ఒకటి కలవవు. తలలు కోసి వేస్తే అన్నీ ఒకే పందిరి కింద చుట్టాలైపోతవి. దుకాణంలో దూరం నుంచి చూసిన పిల్ల తన మనిషి తల ఎక్కడున్నదో క్షణంలో పోల్చుకొంటుంది. మద్రాసు మౌంటురోడ్డులో సినిమా కటౌట్లు చూసినవారికి యీ శాస్త్రం కొత్త కాదు. అక్కడ మనిషిని నింగికెత్తారు, ఇక్కడ మనిషిని అరచేతికి దించారు.

జర్మనీలో 1956 లో మ్యూనిక్‌లో మొదలయిన 'బ్రావో' పత్రిక 1959 నుంచి మనిషంత బొమ్మను ముక్కలు ముక్కలుగా వేసింది. మొదటి బొమ్మ సినీతార బ్రిజిత్ బార్దోది. ఇంగ్లండులో 1978 నవంబరులో నిక్ లోగన్ అనే పత్రికాసంపాదకుడు 'స్మాష్ హిట్స్' పెట్టాడు. దాని ముఖ్య సరుకు పాటల మాటలు. అది 2006 ఫిబ్రవరిలో ఆగిపోయేదాకా ఎన్నో తరాల పిల్లలు వాటిని చూసి పాడుకొన్నారు. అది చూసి మేము నవ్వుకొన్నాము. మన హాలు బయట అమ్మిన పాటల పుస్తకమే అది! పాట చెవిని పడి పోతుంది, మాట మాత్రం చేతిలో వుండాలి. ఎక్కడి పిల్లలకైనా కోరిక అదే.

అయితే యీ పత్రికలన్నీ దేవతలు కట్టినవని మేము చెప్పబోము. మూడు వారాల ముక్కల వెనుక మూడు వారాల అమ్మకం వున్నది. 1976 నాటికి జాకీ వారానికి ఆరు లక్షల ప్రతులు అమ్మిందంటే వూరికే అమ్మలేదు. 1978 లో ఏంజెలా మెక్‌రాబీ అనే విదుషి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో జాకీ మీద పెద్ద పరిశీలన వ్రాసింది. ప్రేమ తప్ప ఆడపిల్లకు వేరే లోకం లేదన్నట్టు ఆ పేజీలు నేర్పుతున్నవని ఆమె వాదం. కాదనలేము. ఆ సూటి చూపు కూడా నిజమైన చూపు కాదు. 1974 మే నెలలో లండను వైట్ సిటీ స్టేడియంలో కాసిడీ కచేరీ జరిగినప్పుడు, ముందుకు తోసుకొని వచ్చిన గుంపులో నలిగి పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె కొద్ది రోజులకు చనిపోయింది. గోడ మీద అంత దగ్గరగా నవ్విన మనిషి నిజంగా ఎంత దూరాన వున్నాడో ఆ పిల్లలకు చెప్పినవారు లేరు. పెద్దవాళ్ళు చెప్పవలసినది అది. చెప్పడం వేరు, గోడ మీది కాగితం లాగి చించడం వేరు. మేము రెండవ పని చేశాము.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మా అమ్మాయితో ఆ సంగతి ఎత్తాము. "అమ్మడూ, ఆనాడు నువ్వన్న మాట నిజమేనే. అవి కోసుకొనే పత్రికలే. పేజీ కట్టినవాడే కోసుకొమ్మని కట్టాడు. ముప్ఫయి యేళ్ళు పేజీలు కట్టించిన మాకు అది తెలియలేదు" అన్నాము.

అది పెసరట్టు తిరగవేస్తూ వున్నది. తిరగవేయడం ముగించి, మంట తగ్గించి, అప్పుడు చెప్పింది.

"ఆ రోజు నేను గోడ కోసం కోయడం లేదు నాన్నగారూ. లిఖిత పత్రిక చేస్తున్నాను. మన సంఘం ఆడపిల్లలం నలుగురం కలిసి, తెలుగులో. మీరు పేజీలు కట్టించే మనిషి గదా, మొదటి సంచిక మీ చేతిలోనే పెట్టాలనుకొన్నాము. జాకీ చూసి లెక్క నేర్చుకొన్నాను. నడిమి కాగితం మీద బాలసుబ్రహ్మణ్యం బొమ్మ, మూడు ముక్కలుగా మూడు నెలలు. 'శంకరాభరణం' పాటలు చేత్తో వ్రాశాను, ఎనిమిది పేజీలు. ఒక పిల్ల వుత్తరాలకు జవాబులు వ్రాసింది. మీరు తూకానికి వేసిన మూటలో అది కూడా వున్నది."

మాకు నోట మాట రాలేదు. మా ఆవిడ మా వైపు చూసింది, చూసి వూరుకొన్నది.

"అప్పుడే చెప్పి వుండకూడదా?" అని అడిగాము చివరికి.

"చెబుదామని లేచేసరికి మూట వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినదాన్ని గురించి చెప్పి లాభమేముందిలే అనుకొన్నాను. తరువాత తెలుగులో వ్రాయబుద్ధి కాలేదు."

ఆ మాట విన్న తరువాత మేము లెక్క వేసుకొన్నాము. అమ్మాయి మాకు వ్రాసిన వుత్తరాలన్నీ ఇంగ్లీషువే. చదువు వల్ల, పరదేశం వల్ల అనుకొన్నాము. మనుమరాలికి తెలుగు మాట వచ్చును, అక్షరం రాదు. కాలప్రభావం అని సరిపెట్టుకొన్నాము. మనవాళ్ళు ఎక్కడ వున్నా, మద్రాసులో గాని, బరంపురంలో గాని, బొంబాయిలో గాని, పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదని మన సంఘం సభల్లో వాపోతూనే వుంటాము. ఇరుగుపొరుగు భాషను అంటాము, బడిని అంటాము. మా యింట్లో మాత్రం తెలుగు ఫలానా సాయంత్రం, ఫలానా తూకంలో, కిలో యింతకని పోయింది. అమ్మినవాళ్ళము మేమే.

మా సంఘం గ్రంథాలయంలో మన పత్రిక సంపుటాలు వరుసగా నిలబడి వున్నవి. వాటిలో కొన్నిటికి బైండు మేమే దగ్గరుండి చేయించాము. ఒక్క పుట కూడా లోటు లేదు. మొన్న వెళ్ళి పది సంపుటాలు తీసి చూశాము. మూలలు నలగలేదు, బొటనవేలి ముద్ర లేదు, అంచులు కత్తిరించినప్పటి పొడి యింకా పుటల మధ్య వున్నది. పక్కింటి ఆమె అటక మీద పెట్టెలో వున్న పదకొండు చిల్లుల పత్రికలూ, యీ చెక్కుచెదరని సంపుటాలూ పక్కపక్కన పెడితే, వీటిలో చదివినవి యేవో పసిపిల్లవాడు కూడా చెబుతాడు.

అందుచేత సంపాదకులకు మా మనవి ఒకటి. పత్రికలో నడిమి కాగితం, నాలుగు పుటలు, మన ఆడపిల్లలకు వదిలిపెట్టండి. వాళ్ళే వ్రాసుకొంటారు, వాళ్ళే కట్టుకొంటారు. పాట మాటలు వేసుకోనివ్వండి, తమకు నచ్చిన గాయకుడి బొమ్మ వేసుకోనివ్వండి, తలలు కోసి గులాబి రంగు మీద చల్లుకోనివ్వండి. ఆశ్చర్యార్థకాలు ఎక్కువైనవని ప్రూఫులు దిద్దేవారు కొట్టివేయవద్దు. వుత్తరాల పేజీలో సన్నని అక్షరాలు వేసినా భయం లేదు, చదువుతారు. తెలుగు అక్షరం రాని పిల్లలు బొమ్మ కోసం వచ్చి, బొమ్మ కింది పేరు కూడబలుక్కొంటే మనకు అంతే చాలు. పేజీలు కట్టే పద్ధతి చూపడానికి ఎనభై దాటిన ఫోర్‌మన్ ఒకడు వున్నాడు, కూలి అడగడు. మా మనుమరాలు దూరాన్నుంచే మొదటి సంచికకు బొమ్మ వేసి పంపుతానన్నది. దాని కింద పేరు తెలుగులో వ్రాయడానికి వాళ్ళమ్మ దగ్గర నేర్చుకొంటున్నదట.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆ కాగితం తీసేటప్పుడు పిన్నును గోటితో పైకెత్తి, కాగితం మెల్లగా లాగి, మళ్ళీ పిన్ను వంచమని పిల్లలకు చూపండి. నడిమి పుటలు లేని సంచిక బైండుకు పనికిరాదని గ్రంథాలయంవారు అంటారు, నిజమే. అందుకు మా సలహా, ప్రతి యింటికీ రెండు ప్రతులు తెప్పించుకొనండి. చందా పెరిగినందుకు కోశాధికారిగారు కూడా మమ్మల్ని దీవిస్తారు.